కోవెంట్రీ టేకవే, బర్మింగ్‌హామ్ బాల్టీ, లండన్ బిర్యానీ: పది రోజుల కూరల ప్రయాణం

దిగిన రోజు రాత్రి మా చెల్లి వంట చెయ్యలేదు. "ఇవాళ శుక్రవారం అక్కా. ఈ వీధిలో సగం ఇళ్లలో పొయ్యి వెలగదు, కర్రీ తెచ్చుకుంటారు. నువ్వూ చూద్దువుగాని" అంది. ఇంగ్లండులోని కోవెంట్రీలో వాళ్లింటికి రెండు సందుల అవతల ఒక టేకవే కొట్టుంది. కూర్చుని తినే చోటు కాదు. ఒక కౌంటరు, దాని ముందు నాలుగు కుర్చీలు, అంతే. మా మరిదిగారు ఫోన్లో చెప్పి, అరగంటకి వెళ్లి సంచీ పట్టుకొచ్చారు.

అల్యూమినియం డబ్బాలు, వాటికి అట్ట మూతలు, మూతల మీద బాల్‌పెన్నుతో రెండు మూడు అక్షరాలు. సి.టి.ఎం. అంటే చికెన్ టిక్కా మసాలా. పి.ఆర్. అంటే పిలావ్ రైస్. కాగితం సంచీలో అప్పడాలు, బుల్లి డబ్బాల్లో పుదీనా పెరుగు, తియ్యటి మామిడి చట్నీ, సన్నగా తరిగిన ఉల్లిపాయ. మాది తెనాలి, పెళ్లయ్యాక ఇరవై ఏళ్లుగా హైదరాబాద్. కారం కావాల్సిన నోరు కాబట్టి నేను 'మద్రాస్' చెప్పాను. మూత తీస్తే ఎర్రటి టమాటా పులుసులో కోడిముక్కలు, పైన నిమ్మరసం వాసన. ఆవాలు లేవు, కరివేపాకు లేదు, కొబ్బరి లేదు. కారం మాత్రం ఉంది, పొడి కారం, నాలుక చివర మండేది.

"ఇది మద్రాసేంటి వదినా, మీరు పేరు చూసి మోసపోయారు" అన్నారు మరిదిగారు. ఇక్కడ మద్రాస్ అంటే ఊరు కాదట, కారం కొలత. కోర్మా అంటే చప్పగా, క్రీమూ పంచదారా వేసింది. దాని మీద మద్రాస్, దాని మీద విందాలూ, అన్నిటి పైన ఫాల్. విందాలూ అసలు గోవాలో పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన వెనిగర్, వెల్లుల్లి మాంసం. ఇక్కడి దాంట్లో బంగాళాదుంప ముక్కలు పడతాయి. ఆలూ అన్న మాట పేరులో వినిపిస్తోంది కదా అని ఎవరో వేసి ఉంటారని నాకనిపించింది.

ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది, దాచను. మన ఊళ్ల పేర్లు, మన వంటల పేర్లు ఇలా వాడేసుకున్నారేంటి అనిపించింది. మా చెల్లి పన్నెండేళ్లుగా ఇక్కడ నర్సు. "పది రోజులున్నావుగా, నాలుగు చోట్ల తిను, అప్పుడు చెప్పు" అంది.

కోవెంట్రీ నుంచి బర్మింగ్‌హామ్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. మావారూ నేనూ ఒక రాత్రి అక్కడ ఉందామని స్పార్క్‌హిల్ వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాం, 55 పౌండ్లు. స్నానాల గది మరో రెండు గదుల వాళ్లతో పంచుకోవాలి. దుప్పట్లు ఉతికినవి, కెటిల్ ఉంది, పొద్దున రొట్టె, గుడ్డు, టీ ఇచ్చారు. ఇంటాయన పాకిస్తాన్ కాశ్మీర్ నుంచి వచ్చిన కుటుంబం. మేం హైదరాబాద్ వాళ్లమని తెలిశాక మాతో ఉర్దూలోనే మాట్లాడాడు. ఏ హోటల్‌కి వెళ్లాలో, ఏ వేళకి వెళ్లాలో కూడా చెప్పి పంపాడు. ఆ డబ్బుకి ఆ మర్యాద నాకు చాలా ఎక్కువనిపించింది.

లేడీపూల్ రోడ్, స్టోనీ లేన్, స్ట్రాట్‌ఫర్డ్ రోడ్, ఈ చుట్టుపక్కలని బాల్టీ ట్రయాంగిల్ అంటారు. బాల్టీ పుట్టింది ఇక్కడే, 1970ల్లో, పాకిస్తానీ కుటుంబాల హోటళ్లలో. ఒకప్పుడు వీధి పొడుగునా ఉండేవట. ఇప్పుడు గట్టి బాల్టీ హోటళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ గ్రిల్లులూ, ఐస్‌క్రీమ్, కేకుల దుకాణాలూ అయిపోయాయి. హిందీలో బాల్టీ అంటే బొక్కెన. మా బల్ల మీదికి వచ్చింది మాత్రం పల్చటి ఉక్కు రేకుతో చేసిన గిన్నె, రెండు పక్కలా చెవులు, అడుగు చదును, వాడి వాడి నల్లగా మాడిన పైభాగం. కూర వండిందీ ఆ గిన్నెలోనే, తెచ్చిందీ ఆ గిన్నెలోనే. బల్ల మీద పెట్టాక కూడా అంచుల చుట్టూ నూనె చిటపటలాడుతూ ఉంది. అంచు దగ్గర మసాలా కాస్త అంటుకుని ముదురు రంగు తిరిగి, మధ్యలో ఇంకా పచ్చి మెంతాకు రంగు కనిపిస్తోంది. ఎముక లేని కోడిమాంసం, నెయ్యి కాకుండా మామూలు వంటనూనె, పెద్ద మంట మీద నిమిషాల్లో వండడం, ఇవి బాల్టీకి గుర్తులు. చెంచాలు పెట్టరు. చిన్న చాప అంత నాన్ రొట్టె ఒకటి బల్లంతా ఆక్రమించి వస్తుంది. దాన్ని చింపి గిన్నె అంచు గీరుతూ తినాలి. మావారు మాట్లాడకుండా తిన్నారు, అది ఆయన మెచ్చుకునే పద్ధతి. ఇద్దరికీ కలిపి 27 పౌండ్లయింది. హోటల్లో మద్యం అమ్మరు, కావాలంటే మనం తెచ్చుకోవచ్చట. మేం మామిడి లస్సీ తాగాం.

ఆ గిన్నె నా కోపాన్ని సగం తగ్గించింది. బర్మింగ్‌హామ్‌లో పుట్టింది, ఆ పేరు పెట్టిందీ అక్కడే, ఆ ఊళ్లో దొరికే రేకు గిన్నెతో, ఆ ఊరి పొయ్యి మీద వండింది. దాన్ని భారతదేశపు వంట కాదని తిట్టడానికి నేనెవర్ని?

అక్కణ్ణుంచి లండన్. అక్కడ బస నచ్చలేదు. వైట్‌చాపెల్‌లో రాత్రికి 118 పౌండ్లు పెట్టిన గది, కిటికీ తీస్తే చెయ్యి చాస్తే అందేంత దూరంలో గోడ. లిఫ్టు పనిచెయ్యలేదు, పెట్టెలు మూడంతస్తులు మోశాం. రైలు మాత్రం గుమ్మం ముందే. వైట్‌చాపెల్ స్టేషన్లో పేరు బెంగాలీ లిపిలో కూడా రాసి ఉంది, 2022లో పెట్టారు. అది చూసి ఎందుకో సంతోషమేసింది.

ఆ గదిలోనే జరిగింది నాకు ఈ ప్రయాణంలో మనసు నొచ్చిన సంగతి. వానలో తడిసి వచ్చి, బయటికి వెళ్లే ఓపిక లేక యాప్‌లో వెతికాం. ఒక హోటల్ పేరులోనే మన నగరం ఉంది. 'హైదరాబాదీ దమ్ బిర్యానీ', 13.50 పౌండ్లు. చెప్పిన టైముకి గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మూత తీస్తే పసుపుపచ్చ రంగు అన్నం, అందులో వేయించి కలిపిన కోడిముక్కలు, పైన దుప్పటిలా పరిచిన ఆమ్లెట్, దాని మీద రెండు టమాటా చక్రాలు. పక్కన వేరే డబ్బాలో కూరగాయల గ్రేవీ. ఇక్కడి కర్రీ హౌస్‌లలో బిర్యానీ ఇలాగే ఇస్తారని, ఆమ్లెట్ పాత అలవాటేనని చెల్లి ఫోన్లో చెప్పింది. ఉత్త 'బిర్యానీ' అని రాసి ఇది ఇచ్చుంటే వాళ్ల పద్ధతి అని తినేదాన్ని. కానీ దమ్ అని రాశారు. పచ్చి మాంసం పెరుగులో, మసాలాలో నానబెట్టి, దాని మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకి పిండి చుట్టి, ఆవిరి బయటికి పోకుండా ఉడికించడం అనే పని ఒకటుంది, దానికి పేరు దమ్. ఆ పని చెయ్యకుండా ఆ మాట అమ్ముకున్నారు. ఫిర్యాదు చేస్తే డెలివరీ ఛార్జీ ఒక్కటి వెనక్కిచ్చారు.

మర్నాడు బ్రిక్ లేన్. ప్రతి హోటల్ గుమ్మం ముందూ ఒకాయన నిలబడి "రండి, పాతిక శాతం తగ్గిస్తాం" అని పిలుస్తాడు. అలా పిలిచే చోట తినబుద్ధి కాలేదు, టీ తాగి నడిచాం. మూల మీద ఒక మసీదు ఉంది. ఆ భవనం 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి, 1898లో యూదుల ప్రార్థనాలయం అయింది, 1976 నుంచి మసీదు. వలస వచ్చిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే గోడల మధ్య ప్రార్థించుకున్నారు.

ఈ దేశంలో కర్రీ హౌస్‌లు చాలామటుకు నడిపేది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వాళ్లు. వాళ్ల తాతలు బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసే పనికి చేరి, రేవుల్లో దిగిపోయి, హోటళ్లలో గిన్నెలు కడిగారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాత కెఫేలూ, చేపలూ చిప్సూ అమ్మే కొట్లూ కొనుక్కుని, చిప్స్ పక్కనే కూర కూడా అమ్మారు. పబ్బులు మూసేవేళకి తెరిచి ఉండేవి అవే. వాళ్లకంటే ముందు, 1810లోనే, పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ పెట్టాడు, హుక్కాతో సహా. రెండేళ్లలో దివాలా తీశాడు. జార్జ్ స్ట్రీట్‌లో గోడ మీద ఆకుపచ్చ ఫలకం ఉంది, మేం వెతుక్కుని వెళ్లి ఫోటో తీసుకున్నాం. రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో మొదలైన వీరాస్వామి హోటల్ పేరు చూస్తే మన వైపు మనిషి పెట్టాడనుకుంటాం. పెట్టింది ఎడ్వర్డ్ పామర్. పేర్ల సంగతి అప్పట్నుంచీ ఇంతేనన్నమాట.

లండన్‌లోనే ఉన్న ఈస్ట్‌హామ్ గురించి ఎక్కువ రాయక్కర్లేదు. అక్కడ తెలుగువాళ్లకి ఆకలి తీరుతుంది. హై స్ట్రీట్ నార్త్‌లో కూరగాయల కొట్ల ముందు గోంగూర కట్టలు, దొండకాయలు, కరివేపాకు. ఒక తెలుగు హోటల్లో పెసరట్టు ఉప్మా, గోంగూర మటన్ తిన్నాం, పులుపు సరిగ్గా నిలిచింది. హడావుడిగా వడ్డిస్తారు, మంచినీళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. లండన్‌లో చాలాచోట్ల బిల్లులో పన్నెండున్నర శాతం సర్వీస్ ఛార్జీ కలిపేస్తారు, అది ఇష్టమైతేనే ఇవ్వాలి, తీసెయ్యమని అడగొచ్చు. మరో మాట: గుమ్మం అద్దం మీద సున్నా నుంచి ఐదు వరకు శుభ్రత అంకె ఉన్న స్టిక్కర్ చూడండి. వేల్స్‌లో అది అతికించడం తప్పనిసరి, ఇంగ్లండులో కాదు. స్టిక్కర్ కనపడకపోతే ఫోన్లో వెతికితే దొరుకుతుంది. నేను మూడుకి తక్కువుంటే లోపలికి వెళ్లలేదు.

తిరిగి కోవెంట్రీ వచ్చాక ఒక సాయంత్రం ఆ టేకవే కొట్టుకి నేనే వెళ్లాను, నాలుగున్నరకి. ఇంకా తెరవలేదు. లోపలున్న పెద్దాయనకి అరవై ఏళ్లుంటాయి, సిల్హెట్ దగ్గర బియానీబజార్ ఆయనది. "ఆపా, ఐదున్నరకి రండి" అన్నాడు హిందీలో. కొనడానికి కాదు, చూడడానికి వచ్చానంటే కాసేపు ఆలోచించి లోపలికి రమ్మన్నాడు.

నడుము ఎత్తు గిన్నెలో ఉల్లిపాయలు ఉడుకుతున్నాయి, బస్తాడు ఉల్లిపాయలు. అందులో అల్లం, వెల్లుల్లి, క్యారెట్, కాప్సికం, టమాటా, పసుపు, నూనె. మెత్తగా ఉడికాక మిషన్ పెట్టి రుబ్బేస్తారు. అదే ఈ కొట్టుకి ప్రాణం. ముక్కలు ముందే ఉడికించి పక్కన పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే పెనంలో నూనె, మసాలా పొడి, ఆ ఉల్లి గ్రేవీ ఒక గరిటె, ముక్కలు. కారం, నిమ్మరసం పడితే మద్రాస్. పప్పు పడితే ధన్సాక్. క్రీము, కొబ్బరి, పంచదార పడితే కోర్మా. నాలుగైదు నిమిషాల్లో డబ్బాలోకి వెళ్లిపోతుంది. ఇది చూసి నవ్వడానికి మనకేం హక్కు లేదు. హైదరాబాద్‌లో మనం వెళ్లే హోటళ్లలోనూ పొద్దున్నే ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ చేసి పెట్టుకుంటారు, పేర్లే వేరు, గరిటె ఒకటే.

వెనక చిన్న పొయ్యి మీద వేరే గిన్నె ఉంది. దాన్లోంచి వచ్చిన వాసన ముందు గదిలో ఎక్కడా లేదు. నేనటే చూస్తున్నానని ఆయన కనిపెట్టాడు. "అది మా కోసం ఆపా, పనివాళ్ల భోజనం" అన్నాడు. పళ్లెంలో అన్నం, పల్చటి పప్పు, మాంసం కూర పెట్టి ఇచ్చాడు. కూరలో ఆకుపచ్చ తొక్కతో సహా నిమ్మజాతి కాయ ముక్కలు. శాత్కొరా అంటారట, సిల్హెట్ కాయ. మన దబ్బకాయకి చుట్టం. చేదు ముందొచ్చి, తర్వాత పులుపు, ఆ తర్వాత తొక్క వాసన గొంతులో నిలబడిపోయింది. ఈ పది రోజుల్లో ఈస్ట్‌హామ్ దాటితే ఇల్లు గుర్తొచ్చిన ముద్ద అదొక్కటే, అదీ నా ఇల్లు కాదు, ఆయనది.

"ఇది ఎందుకు అమ్మరు?" అని అడిగాను. ముప్పై ఏళ్ల కింద ఒకసారి పెట్టాడట, ఎవరూ కొనలేదట. "వాళ్లకి మద్రాస్ కావాలి, కాశ్మీర్ కావాలి. నేను రెండూ చూళ్లేదు" అన్నాడు. గట్టిగా ఏమీ అనలేదు, చేతిగుడ్డతో బల్ల తుడుస్తూ అన్నాడు. ఇన్నాళ్లూ నా ఊరి పేరు, నా బిర్యానీ పేరు పాడైపోయాయని నేను మథనపడుతున్నాను. ఈయన మాత్రం తను చూడని ఊళ్ల పేర్లతో బతుకు నడిపి, తన ఊరి కూర వెనక పొయ్యి మీదే ఉంచుకున్నాడు. ఆ మద్రాస్ డబ్బా మీద నాకు మళ్లీ కోపం రాలేదు. ఆ 'దమ్' అన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

మర్నాడు బంగ్లాదేశీ కొట్లో శాత్కొరాలు రెండు దొరికాయి. ఒకటి పప్పులో వేశాం. తొక్క చేదు కాస్త ఎక్కువైంది, మా చెల్లెలి పిల్లలు పక్కకి తీసేశారు, నేనూ మావారూ అవీ తినేశాం.

ఇంటికొచ్చాక మొన్న చెల్లి ఫోన్ చేసింది. శుక్రవారం మరిదిగారు మామూలుగా ఆర్డర్ చెప్పి, చివర్లో "మీ కూర ఏమైనా మిగిలితే అదీ ఒక డబ్బా ఇవ్వండి" అన్నారట. ఇచ్చారట. డబ్బులు తీసుకోలేదు. మిగతా మూతల మీద అక్షరాలున్నాయి, దాని మూత మీద మాత్రం ఏమీ రాయలేదట.