ఆకాశరామన్నను లాగిన్ అడిగితే: టీమ్స్‌లో నాలుగేళ్ల అజ్ఞాత సర్వేలు

సర్వే లింకు పంపిన పది నిమిషాల్లో ఎవరో ఒకరు నాకు ఫోను చేస్తారు. “మేడమ్, పేర్లు తెలియవన్నారు కదా, మరి లాగిన్ ఎందుకు అడుగుతోంది?” నాలుగేళ్లుగా ఇదే ప్రశ్న. అడిగే మనుషులు మారుతుంటారు, గొంతులోని అనుమానం మారదు.

హైదరాబాద్‌లో దాదాపు 140 మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో హెచ్ఆర్ పనులు చూస్తాను. అందరూ ఇళ్ల నుంచి పనిచేస్తున్న 2021లో, ఉద్యోగుల అభిప్రాయాలు తెలుసుకోవడానికి ఈ సర్వేలు మొదలుపెట్టాం. అంతకుముందు క్యాంటీన్ గోడకు ఒక సలహాల పెట్టె ఉండేది. నెలకొకసారి తాళం తీస్తే చాక్లెట్ కాగితాలు దొరికేవి. మీటింగులకు, సందేశాలకు మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఎలాగూ వాడుతున్నాం, సర్వే ప్రశ్నలు తయారుచేసే ఫారమ్స్ దానితోపాటే వస్తుంది, అదనంగా ఖర్చు లేదు. అలా మూడు నెలలకొక సర్వే అలవాటైంది.

ముందుగా లాగిన్ సంగతి. ఫారమ్స్‌లో లింకును ఎవరైనా తెరిచేలా పెట్టవచ్చు, లేదా సంస్థలోని వారికే పరిమితం చేయవచ్చు. రెండోది ఎంచుకుంటే లాగిన్ తప్పదు. కానీ పేరు నమోదు చేయాలా వద్దా అనేది వేరే గడి. ఆ గడిలో టిక్కు తీసేస్తే ఫలితాల్లో పేరు, ఈమెయిల్ రావు. ఒక్కొక్కరు ఒక్కసారే జవాబివ్వాలన్న నిబంధన మాత్రం అప్పుడూ పనిచేస్తుంది. పోలింగ్ కేంద్రంలో గుర్తింపు కార్డు చూస్తారు, ఓటు ఎవరికి వేశారో చూడరు కదా, అలాంటిదే ఇదీ. ఫోను చేసినవారికి ఈ పోలికే చెబుతాను. సగం మంది నమ్ముతారు. మిగతా సగం “సరే మేడమ్” అని పెట్టేస్తారు. ఆ “సరే”కు అర్థం నాకు తెలుసు.

వారి భయం పోగొడదామని ఒకసారి లాగిన్ అవసరం లేని లింకు పంపాను. మా ఉద్యోగుల సంఖ్య కన్నా జవాబుల సంఖ్య ఎక్కువ వచ్చింది. షిఫ్టు వేళల మీద కోపం ఉన్న మిత్రులెవరో తీరిగ్గా కూర్చుని నింపినట్టున్నారు. మళ్లీ ఆ జోలికి వెళ్లలేదు.

ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. పేరు నమోదు ఆపినప్పుడు, మీరే రాస్తే తప్ప మీ పేరు, ఈమెయిల్ తనంతట తాను సేకరించదని ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నమోదు ఆన్‌లో ఉంటే ఆ మాట ఉండదు, మీ వివరాలు కనిపిస్తాయని ఉంటుంది. ఇప్పుడు ఆ వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి ప్రకటనలోనే పెడుతున్నాను. నేను చేసిన ఏ ప్రమాణం కన్నా అదే ఎక్కువ పనిచేసింది.

ఇక నా తప్పు. రెండో ఏడాది అనుకుంటాను, ఫలితాల ఎక్సెల్ ఫైలును ఉన్నదున్నట్టు ఒక మేనేజర్‌కు పంపాను. పేరు గడిలో ఏమీ లేదు, ఈమెయిల్ గడిలో అందరికీ అజ్ఞాత అనే మాటే ఉంది. అయితే వాటి పక్కనే జవాబు మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం నిమిషాలతో సహా ఉంటాయి. మర్నాడు ఆయన నా గదికి వచ్చి, నవ్వుతూ, “మేడమ్, మూడో వరుస ఎవరిదో నాకు తెలుసు” అన్నారు. రాత్రి పదకొండు దాటాక ఆ టీమ్‌లో మేలుకుని పనిచేసేది ఒక్కరే. నాకు నోట మాట రాలేదు. సాఫ్ట్‌వేర్ దాచిన పేరును నేనే పళ్లెంలో పెట్టి అందించాను. అప్పటినుంచి ఎవరికి ఫైలు పంపినా సమయాల గడులు, క్రమసంఖ్య గడి తీసేసి, వరుసలు కలగాపులగం చేస్తాను. చాలాసార్లు అసలు ఫైలే పంపను, సారాంశం మాత్రం నేనే రాసి ఇస్తాను.

చిన్న టీమ్‌ల లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. అయిదుగురి టీమ్‌లో “మీ మేనేజర్ మీ మాట వింటారా” అన్న ప్రశ్నకు సగటు 4 వచ్చిందనుకోండి. అంటే మొత్తం 20. తర్వాతి సర్వే నాటికి కొత్తగా ఒకరు చేరారు, సగటు 3.5కు పడింది. ఆరుగురికి మొత్తం 21. పాతవారి అభిప్రాయం మారకపోతే, కొత్తగా వచ్చినవారు ఇచ్చింది 1. ఈ కూడికలు, తీసివేతలు ఏ మేనేజర్‌కూ నేర్పనక్కర్లేదు. ప్రత్యేకంగా సర్వేల కోసమే చేసిన సాధనాల్లో కనీసం ఇంతమంది జవాబిస్తే తప్ప ఆ బృందం ఫలితం చూపకూడదనే హద్దు ఉంటుంది, సాధారణంగా అది అయిదు. ఫారమ్స్ ఏ పనికైనా వాడుకునే మామూలు ఫారం కాబట్టి ఆ హద్దు మనమే గీసుకోవాలి. నేను ఎనిమిది పెట్టుకున్నాను. అంతకన్నా చిన్న టీమ్‌లను పక్క టీమ్‌తో కలిపేస్తాను. విభాగం, అనుభవం, స్త్రీ పురుష భేదం అన్నీ ఒకే సర్వేలో అడగడమూ మానేశాను. “టెస్టింగ్, మహిళ, పదేళ్లు పైబడిన అనుభవం” అని మూడు గడులు నింపితే మా సంస్థలో మిగిలేది ఒక్కరే. ఆవిడ నా పక్క సీటే.

ఇంత చేసినా అసలు గుట్టు విప్పేది భాష. వ్యాఖ్యలు తెలుగులో రాయవచ్చని చెప్పినప్పుడు నేను చాలా సంబరపడ్డాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాయనివారు తెలుగులో పేరాలు రాశారు. క్యాంటీన్ గురించి ఒకరు “వారానికి మూడు రోజులు ఆనపకాయేనా?” అని వాపోయారు. చదువుతున్న మేనేజర్ రాసిందెవరో వెంటనే కనిపెట్టేశారు. ఆ టీమ్‌లో మిగతా అందరికీ అది సొరకాయ. ఆనపకాయ అనే మనిషిది విజయనగరం. కూర సంగతి కాబట్టి నవ్వుకున్నాం. అదే వ్యాఖ్యలో పై అధికారి ప్రవర్తన గురించి ఉండి ఉంటే? ఆకాశరామన్న ఉత్తరాలు రాసే పాతకాలపు వారు ఎడమ చేత్తో రాసేవారట. టైపు చేసే మన పదాలకు ఎడమ చెయ్యి ఎక్కడిది? ఇప్పుడు వ్యాఖ్యలను యథాతథంగా ఎవరికీ చూపించను. విషయం తీసుకుని నా మాటల్లో తిరగరాస్తాను. దానివల్ల రుచి పోతుంది, నిజమే. ఆ ఆనపకాయ వాక్యంలో ఉన్న ప్రాణం “కూరల్లో వైవిధ్యం కావాలని కొందరు కోరారు” అన్న నా వాక్యంలో లేదు.

అంకెల ప్రశ్నల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది, అది సాఫ్ట్‌వేర్ మీద కాదు, కొలమానం మీద. “ఈ సంస్థలో చేరమని మీ స్నేహితులకు చెబుతారా, 0 నుంచి 10 వరకు” అనే ప్రశ్నలో 9, 10 ఇచ్చినవారే మద్దతుదారులు. 7, 8 ఇచ్చినవారు తటస్థులు. 6, అంతకన్నా తక్కువ ఇచ్చినవారు వ్యతిరేకులు. మద్దతుదారుల శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే స్కోరు. మనం 60 శాతానికి ఫస్ట్ క్లాస్ అని మిఠాయిలు పంచినవాళ్లం. 10కి 10 ఇవ్వడమంటే దిష్టి తగులుతుందన్నట్టు చూస్తాం. “బాగానే ఉంది మేడమ్, అందుకే 7 వేశాను” అని ఒకాయన గర్వంగా చెప్పారు. ఆయన సంతోషం విలువ మా స్కోరులో సున్నా. అందుకే ఆ అంకెను ఎవరితోనూ పోల్చను, మా పాత అంకెతో తప్ప.

ఒకే ఒక్కసారి ఈ పద్ధతి మీదే నాకు భయం వేసింది. ఒక వ్యాఖ్యలో సీనియర్ ఒకరి ప్రవర్తన గురించి నాలుగు వాక్యాలున్నాయి. రాసిందెవరో తెలియదు, ఎవరి గురించో తెలియదు. జవాబివ్వడానికి ఫారంలో దారి లేదు. పేరు దాచే గోడ సాయాన్ని కూడా ఆపేస్తుందని అప్పుడే అర్థమైంది. పది మంది, అంతకుమించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. ఫిర్యాదు రాతపూర్వకంగా, ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలి. కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. సర్వే వ్యాఖ్యను ఫిర్యాదుగా నడిపించలేం, చదవనట్టు ఊరుకోలేం. కమిటీ సభ్యుల పేర్లు, ఫిర్యాదు చేసే విధానం, గోప్యత నియమాలు అందరికీ మళ్లీ పంపాం. ఎవరినీ వెతకలేదు. మూడు వారాల తర్వాత ఒకామె కమిటీని కలిశారు. ఆ వ్యాఖ్య ఆమెదేనా అని నేను అడగలేదు. ఇప్పుడు ప్రతి సర్వే పైన కమిటీని చేరే దారి మొదటి పేరాలోనే ఉంటుంది.

మీటింగ్ మధ్యలో పెట్టే పోల్స్, అంటే అక్కడికక్కడే ఓటు వేసే ప్రశ్నల గురించి ఒక్క మాట. పేర్లు దాచే ఏర్పాటు వాటికీ ఉంది. కానీ ఆరుగురు కూర్చున్న గదిలో ఒకరి చెయ్యి మౌస్ మీద కదిలిన మరుక్షణం తెర మీద గీత పెరిగితే ఇక దాచేదేముంది? ఫలితాలు వెంటనే చూపించడం ఆపేసి పెట్టండి. విహారయాత్రకు వికారాబాదా, నాగార్జున సాగరా అన్న ప్రశ్నకైతే ఆ బాధ లేదు.

టీమ్స్ వాడుతున్న, రెండు మూడు వందల లోపు మనుషులున్న సంస్థకు ఫారమ్స్ సరిపోతుంది. కాకపోతే ఫలితాలు చూసే చేతులు ఒకటో రెండో ఉండాలి. ఫారాన్ని గ్రూపు పేరిట తయారుచేస్తే గ్రూపులోని అందరికీ జవాబులు కనిపిస్తాయి, అది మరవకండి. “ఎవరికీ ఎప్పటికీ తెలియదు” అని నేనిప్పుడు రాయడం లేదు. “ఫలితాల్లో మీ పేరు ఉండదు, అసలు ఫైలును ఉన్నదున్నట్టు నేను తప్ప ఎవరూ చూడరు” అని రాస్తున్నాను. జవాబులు మొదట్లో తగ్గాయి, తర్వాత పెరిగాయి.

మొన్నటి సర్వేలో క్యాంటీన్ ప్రశ్నకు ఒక వ్యాఖ్య వచ్చింది: “ఆనపకాయ లేక సొరకాయ లేక మీరేమనుకుంటే అది, దయచేసి తగ్గించండి.”