స్టూడియో మన ఫొటో వాడుకుంటే: కాపీరైటా, డేటా చట్టమా?

రుషికొండ బీచ్‌లో డబ్బిచ్చి తీయించుకున్న ప్రీవెడ్డింగ్ ఫొటో, మీకు చెప్పకుండా స్టూడియో ప్రకటనలో ఎక్కిందనుకోండి. దారులు రెండు.

హక్కు: కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి యజమాని మీరే, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే. (అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆ కాగితం ఎవరు చదువుతారు? చదవండి.) 2023 నాటి డేటా రక్షణ చట్టానికి యాజమాన్యంతో పనిలేదు, మీ సమ్మతి ఉందా అన్నదే చూస్తుంది. అయితే అదే ఫొటోను మీరే అందరికీ కనిపించేలా ఇన్‌స్టాలో పెట్టి ఉంటే ఈ చట్టం వర్తించదు.

శ్రమ: కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరుండేది విశాఖ అయితే కేసు ఇక్కడి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, లాయర్ ఫీజే భారం. డేటా దారిలో ముందు స్టూడియోకే ఫిర్యాదు, తర్వాత డేటా రక్షణ బోర్డుకు.

ఫలితం: కాపీరైట్‌లో నష్టపరిహారం అడగొచ్చు. డేటా చట్టంలో ఇలాంటి ఉల్లంఘనకు జరిమానా 50 కోట్ల దాకా ఉన్నా, అది ఖజానాకే, మీకు పైసా రాదు. పైగా ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చినా, ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు.

డబ్బు మీరిచ్చి, ఒప్పందం అడ్డురాకపోతే కాపీరైటే మేలు. స్నేహితుడి పెళ్లికెళ్లి ఫొటోలో పడినవాళ్లకు మాత్రం డేటా చట్టమే దారి.