మాట తడబడేవాళ్లతో వెళ్లదగిన టిఫిన్ సెంటర్, బ్రాడీపేట, గుంటూరు

మావారికి పక్షవాతం వచ్చి 14 నెలలైంది. మెదడులో ఎడమవైపు దెబ్బతినడంతో కుడిచెయ్యితో పాటు మాట కూడా పట్టు తప్పింది. అఫేసియా అంటారట. మతి పోలేదండీ, అన్నీ తెలుసు. మాటే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, లేదంటే ఒకటి అనబోతే ఇంకోటి వస్తుంది. ఇడ్లీ కావాలంటే "బస్సు" అంటారు. 30 ఏళ్లు ఆర్టీసీ కండక్టరు మరి!

ఇక్కడ ఇడ్లీ మెత్తగా, అల్లం చట్నీ ఘాటుగా ఉంటాయి. నెయ్యికి విడిగా డబ్బులు తీసుకుంటారు, అది నాకు నచ్చదు. మేం వెళ్లేది మాత్రం కౌంటర్లో కుర్రాడి కోసం. మొదటిరోజు ఈయన "బ... బ..." అంటుంటే వెనకాల జనం విసుక్కున్నారు. అతను కంగారు పడలేదు. "బాబాయ్, ఇదా? ఇదా?" అని ఇడ్లీ ప్లేటు, తర్వాత పెసరట్టు చూపించాడు. ఈయన ఎడమచేత్తో పెసరట్టు వైపు చూపించారు. "ఉల్లిపాయ వెయ్యనా?" అంటే తలూపారు. నావైపు చూడకుండా ఆయన్నే అడిగాడు. ఇంకో హోటల్లో "ఆయనకేం కావాలమ్మా?" అని నన్నడిగితే ఈయన తినకుండానే లేచొచ్చేశారు.

డబ్బులు ఈయనే ఇస్తారు. లెక్కపెట్టేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని వరసగా అయితే అంకెలు గడగడా వచ్చేస్తాయి. విడిగా "ఏడు" అనమంటే రాదు.

గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. 8 గంటలకు వెళ్తే టీవీ, మిక్సీ గోలలో ఈయనకి ఎదుటివాళ్ల మాట అందదు. 10 దాటాక వెళ్లండి. అప్పటికి ఒక్కోసారి పెసరట్టు పిండి అయిపోతుంది, అది వేరే సంగతి.