ఎర్ర పళ్లెం టైమర్: మూడేళ్లు వాడాక

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, పని మొదలెట్టడం, ఆపడం కష్టమయ్యే బుర్ర తీరు) ఉన్న పెద్దవాళ్లని 60 నిమిషాల డయల్ టైమర్ ఒకటి కొనుక్కోమని అందరూ చెప్తారు. ఎందుకు కొనాలో మాత్రం సగం తప్పు చెప్తారు. పని మొదలెట్టడానికి అంటారు. విజయనగరంలో ఇంటి నుంచి అకౌంట్స్ పని చేసుకుంటూ మూడేళ్లు వాడిన మీదట తేలిందేమిటంటే, మొదలెట్టడానికి ఇది అంతంతమాత్రం. ఆపడానికీ, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడానికీ మాత్రం బంగారం.

గుబ్బ తిప్పినంత మేర ఎర్ర పళ్లెం పరుచుకుంటుంది. నిమిషాలు గడిచేకొద్దీ బిందెలో నీళ్లు తగ్గినట్టు తగ్గుతుంది. "ఇంకా 40 నిమిషాలుంది" అన్న మాట ఈ బుర్రకి ఎక్కదు, కంటికి కనబడే ఎరుపు ఎక్కుతుంది. ఒక పెన్సిల్ సెల్ చాలు, కరెంటు పోయినా తిరుగుతుంది. ఫోన్‌లో టైమర్ ఉంది కదా అంటారా? టైమర్ పెడదామని ఫోన్ తీసినవాడు వాట్సాప్‌లో తేలతాడు.

నెలనెలా 20లోపు వేయాల్సిన జీఎస్టీ రిటర్న్, జీఎస్టీఆర్-3బీ సంగతే చూడండి. 5వ తారీఖున చేతులాడవు. 19 రాత్రికి ఎక్కడలేని ఊపొస్తుంది. గడువు మెడ మీదకొస్తే గానీ మేలుకోని బుర్ర ఇది, ఆ ఊపుని 5వ తారీఖుకి తేవడం ఏ టైమర్ వల్లా కాదు. అందుకే గుబ్బ తిప్పేముందు, కూర్చోనివ్వనిది ఏంటో తేల్చుకోవాలి. విసుగా? తర్వాత ఏం చేయాలో తెలియకపోవడమా? భయమా? బయటివాళ్లకి మూడూ బద్ధకంలాగే కనిపిస్తాయి. విసుగైతే 10 నిమిషాలు పెట్టండి, పని పేరు కూడా చిన్నది చేయండి. "రిటర్న్ వేయాలి" అని కాదు, "అమ్మకాల బిల్లులు తారీఖు వరసలో పెట్టాలి" అని. తర్వాత ఏం చేయాలో తెలియకపోతే తెలిసినవాళ్లకి ఫోన్ చేయడమే, టైమర్‌తో పనిలేదు. భయమైతే, అంటే క్లయింటుకి చెప్పాల్సిన లెక్కలో తేడా వచ్చిందనుకోండి, ఎదురుగా కరిగిపోతున్న ఎరుపు దడ ఇంకా పెంచుతుంది. అప్పుడు పనికొచ్చేది తోడు. ఎవరో ఒకరు అదే గదిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ కూర్చున్నా చాలు, మన పని జోలికి రానక్కర్లేదు.

ఇక దీని అసలు ఉపయోగం. డయల్ మీద 5 నిమిషాల గీత దగ్గర పసుపు ఇన్సులేషన్ టేపు ముక్క అతికించండి. 45 నిమిషాలు పెట్టండి. ఎరుపు తగ్గుతూ టేపు దాకా వచ్చిందంటే కొత్త ఎంట్రీ ముట్టుకోకూడదు, చీటీ రాయాలి. ఎక్కడ ఆపాం, తర్వాత ఏది, ఎక్కడ అనుమానం, అంతే. "బిల్లు 212 దాకా అయింది, 213లో ట్యాక్స్ 5 బదులు 18 పడింది, చూడాలి." చీటీ లేకుండా గంట మోగితే ఒళ్లు మండుతుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది. నిజానికి ఆ కోపం వాళ్ల మీద కాదు, బుర్రలో పట్టుకున్న నాలుగైదు దారాలూ ఒక్కసారి తెగినందుకు. చీటీ రాశాక గంట మోగినా అంత మంట ఉండదు. ఇంట్లోవాళ్లకి "ఎరుపు అయిపోయాక పిలవండి" అని చెప్పుకోవాలి. మొదట్లో "ఏటిరా, అన్నానికి పిలవడానికీ టైమేనా?" అంటారు. పోనుపోను వాళ్లే డయల్ చూసి పిలుస్తారు.

మనసు తట్టుకోలేక ఉక్కిరిబిక్కిరైపోయినప్పుడు దీన్ని 20 మీద పెట్టి గది గుమ్మం బయట పెట్టడం ఇంకో వాడకం. లోపల లైటు ఆపి, మంచినీళ్లు తాగి పడుకోవాలి. ఏ నిర్ణయమూ వద్దు, ఏ మెసేజీ వద్దు. 20 నిమిషాల్లో తగ్గిపోవాలని లెక్కేం లేదు, ఎరుపు అయ్యాక ఒకరొచ్చి ఒక్కసారి తలుపు తడతారని మాత్రమే. తిన్నామా లేదా అని కూడా అప్పుడే చూసుకోవాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందు మిథైల్‌ఫెనిడేట్ వాడేవాళ్లకి ఆకలి మందగించొచ్చు, ఆకలి కాస్తా చిరాకై బయటపడుతుంది. రోజుల తరబడి తేరుకోకపోతే మాత్రం ఇది టైమర్‌తో పోయేది కాదు, డాక్టరుని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు.

లోపాలకొస్తే, మొదటిది అలవాటు పడిపోవడం. మూడు వారాలకల్లా ఎరుపు గోడ రంగులో కలిసిపోయినట్టుంటుంది, కన్ను ఆనదు. చోటు మార్చండి, వారం పాటు బీరువాలో పెట్టేయండి, మళ్లీ పనిచేస్తుంది. రెండోది మన సముద్రపు తేమ. సెల్ కారితే స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి పడుతుంది. సెల్ తీసేసి, దూదిపుల్లకి రెండు చుక్కల వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక కొత్త సెల్ వేయాలి. వాడని రోజుల్లో సెల్ తీసి ఉంచడం మేలు. తాళం చుట్టే రకం కొంటే సెల్ గొడవ లేదు గానీ టిక్కుటిక్కు చెవుల్లో పొడుస్తుంది. పైగా 5 నిమిషాలు కావాలంటే ముందు 10 దాటించి తిప్పి వెనక్కి తేవాలి, లేకపోతే స్ప్రింగుకి బలం చాలక గంట మోగదు.

దినచర్యే తలకిందులయ్యే రోజుల్లో ఇది దండగ. మా విజయనగరంలో దసరా తర్వాత సోమవారం తొలేళ్లు, మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇంటినిండా చుట్టాలు, మూడులాంతర్ల వైపు జనసముద్రం. పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా చెవులకి విరామం ఉండదు. ఆ రెండు రోజులూ టైమర్ కంటే 10 రూపాయల ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లూ, చుట్టాలు ఎక్కని మేడమీద గదీ నయం. బుధవారం నుంచి పాత పద్ధతంతా ఒక్కసారి ఎత్తుకోబోతే కుదరదు. రోజుకి ఒక్క 45తో మొదలెట్టి, నాలుగో రోజుకి రెండోది కలపండి.

5కి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర తగ్గించింది గంట వల్ల. శబ్దానికి ఉలిక్కిపడే ఆటిజం ఉన్నవాళ్లకి అది చెంపదెబ్బే. కొనేముందు వెనకవైపు గంట ఆపే స్విచ్ ఉందో లేదో చూడండి. లేకపోతే స్పీకరు బెజ్జాల మీద రెండు పొరల మెడికల్ ప్లాస్టర్ అంటించండి, పక్క గదిలోకి వినబడదు.