ఐదేళ్లు వార్‌ఫ్రేమ్ ఆడాక: ఎవరి డబ్బో, నా ప్లాటినం

ముందే చెప్పేస్తున్నా, గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి, ర్యామ్ ఎంత కావాలి లాంటివి ఇందులో ఉండవు. 2013లో వచ్చిన గేమ్ ఇది, వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. నేను రాస్తున్నది ఒకే ఒక్క విషయం గురించి. ఇందులో డబ్బు పెట్టి కొనే ప్లాటినాన్ని ఒక ఆటగాడు ఇంకో ఆటగాడికి ఇవ్వొచ్చు. నా దగ్గర నీకు కావాల్సిన వస్తువు ఉంది, నీ దగ్గర ప్లాటినం ఉంది, ఇద్దరం ఒక చోట కలిసి మార్చుకుంటాం, అంతే. ఫోన్ గేముల్లో జెమ్స్ అనీ డైమండ్స్ అనీ ఏ పేరు పెట్టినా కార్డు గీకితే తప్ప రానిది, ఇక్కడ సంతలో వంకాయలు అమ్మినట్టు అమ్ముకుని సంపాదించుకోవచ్చు. ఈ ఒక్కటి లేకపోతే నేను రెండో వారమే అన్‌ఇన్‌స్టాల్ చేసేవాణ్ణి.

అసలు నేను ఇటువైపు వచ్చిందే చెయ్యి కాల్చుకుని. అంతకు ముందు ఫోన్‌లో ఒక షూటింగ్ గేమ్ ఆడేవాణ్ణి, పేరు అనవసరం. దాంట్లో గన్ స్కిన్లు ఫ్రీగా వస్తాయని ఒక వీడియో కింద ఎవడో లింక్ పెట్టాడు, నేను తగుదునమ్మా అని వెళ్లి ఐడీ, పాస్‌వర్డ్ కొట్టేశాను. పొద్దున లేచేసరికి అకౌంట్ లేదు. మూడేళ్ల ఆట, పండక్కి అమ్మ ఇచ్చిన డబ్బులతో కొన్న రెండు స్కిన్లు, అన్నీ పోయాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. తర్వాత 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఒకేసారి 118 యాప్‌లు ఆపేసినప్పుడు పబ్జీ మొబైల్ కూడా పోయి మా గ్యాంగ్ అంతా చెల్లాచెదురైంది. అప్పుడు ఒకడు నెట్టితే లాప్‌టాప్‌లో వార్‌ఫ్రేమ్ వేశాను. 'ఫ్రీ' అన్న మాట వింటేనే ఒళ్లు మండే రోజులవి.

గేమ్ మొదలెట్టగానే 50 ప్లాటినం వాళ్లే ఇస్తారు. ఇది వేరేవాళ్లకి ఇవ్వడానికి కుదరదు, మనమే ఖర్చు పెట్టుకోవాలి. నేనేం చేశాను? రెండో ఫ్రేమ్ (ఆటలో మనం నడిపే యోధుడి రూపం) తయారవడానికి ఫౌండ్రీలో, అంటే గేమ్‌లోని తయారీశాలలో, మూడు రోజులు పడుతుందంటే ఆగలేక, ఆ 50 మొత్తం పోసి అప్పటికప్పుడు తీసేసుకున్నాను. కొత్తగా వచ్చే ప్రతివాడూ చేసే తప్పే ఇది. ఎందుకు తప్పో పది రోజుల తర్వాత తెలిసింది. మొదట్లో మనకి ఉండేవి రెండే ఫ్రేమ్ స్లాట్లు. మూడో ఫ్రేమ్ తయారై ఫౌండ్రీలో కూర్చుంది, బయటికి తీద్దామంటే పెట్టుకోవడానికి చోటు లేదు. ఒక్కో స్లాట్ 20 ప్లాటినం. గేమ్‌లో దాదాపు ఏ వస్తువైనా ఆడి సంపాదించుకోవచ్చు గానీ ఈ స్లాట్ల దగ్గర మాత్రం చాలావరకు ప్లాటినం లేనిదే పని జరగదు. అంటే కొనాలి, లేదా అమ్మాలి.

నా దగ్గర అమ్మడానికి ఏముంది అని చూస్తే, రెలిక్ (లోపల ఏముందో తెలియని పెట్టె లాంటిది) పగలగొట్టినప్పుడు వచ్చిన, ప్రైమ్ ఫ్రేమ్ (మామూలు ఫ్రేమ్‌కి మేలు రకం) తయారీకి పనికొచ్చే సిస్టమ్స్ అనే ముక్క ఒకటి ఉంది. దాని విలువ నాకు తెలీదు. ట్రేడ్ చాట్‌లో రేటెంత అని అడిగితే ఒకడు 25 అన్నాడు, ఇంకొకడు వెంటనే నేనే కొంటానన్నాడు. అక్కణ్ణించి నా కష్టాలు మొదలయ్యాయి. ట్రేడ్ చేయాలంటే మాస్టరీ ర్యాంక్ (ఆటగాడి స్థాయి) 2 ఉండాలి, ఉంది. టూ ఫ్యాక్టర్ (లాగిన్‌కి మెయిల్‌లో వచ్చే కోడ్) ఆన్ చేసి ఉండాలి, లేదు. అవతలివాణ్ణి ఆగమని చెప్పి మెయిల్ తెరుస్తుంటే కరెంటు పోయింది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు, ఒంగోల్లో మా ఇంట్లో ఉన్నాను, ఇన్వర్టర్ ఫ్యాన్లకే చాలదు. లాప్‌టాప్ నడుస్తోంది గానీ రౌటర్ చచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, మళ్లీ లాగిన్ అయ్యి, వాడి పేరు గుర్తు లేక తెచ్చుకుని మెసేజ్ పెడితే, నేనెక్కడికీ పోలేదు తీరిగ్గా రా అన్నాడు. మెయిల్‌కి కోడ్ వచ్చేలోపు అమ్మ తలుపు తోసి "ఏరా, ఆ ఆఫీసు కాల్ ఇంకా అవ్వలేదా, అన్నం చల్లారిపోతోంది" అంది. అయిపోవచ్చిందమ్మా అన్నాను. అదొక్కటే ఆ రోజు నేను ఆడిన అబద్ధం.

అంగారకుడి మీద మారూస్ బజార్ అని ఒక చోటుంది, అక్కడికి వెళ్లాను. జనం అటూ ఇటూ దూకుతుంటారు, నెల్లాళ్ల ఆటగాడు నిలబడితే తిరుపతి కొండ మీద మొదటిసారి దిగినట్టు ఉంటుంది. వాడొచ్చి నా ముందు నిలబడ్డాడు. ఒంటి నిండా బంగారు తాపడం, వెనక పక్షిలాంటిదేదో ఎగురుతోంది. నేనేమో మొదట్లో ఇచ్చిన బూడిద రంగు ఫ్రేమ్‌తో. ట్రేడ్ కిటికీ తెరుచుకుంది, నా వైపు ముక్క పెట్టాను, వాడి వైపు 25 కనపడింది. ఇదే మొదటి అమ్మకం, ఏదైనా తప్పు నొక్కితే చెప్పు అని టైప్ చేశాను. వాడు ఒక్క క్షణం ఆగాడు. అంకె మారింది. 40. నాకు భయం వేసింది, ఇదేదో మోసం, ఒప్పుకుంటే అకౌంట్ పోతుందేమో అని పాత దెబ్బ గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. వాడు ఒకటే లైను రాశాడు, రెండు స్లాట్లు కొనుక్కో, రంగుల మీద తగలెయ్యకు అని. తర్వాత దూకుతూ వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.

ఆ రాత్రి ఒక స్లాట్ కొని ఫౌండ్రీలో ఇరుక్కున్న ఫ్రేమ్‌ని బయటికి తీశాను, రెండో 20 దాచాను. అన్నం నిజంగానే చల్లారిపోయింది.

ఇక ఆ తర్వాత వ్యాపారం నేర్చుకున్నాను. రెలిక్‌లో అరుదైన వస్తువు పడే అవకాశం మామూలుగా 2 శాతమే. వాయిడ్ ట్రేసెస్ అనే గేమ్ సరుకు 100 పోసి రెలిక్‌ని రేడియంట్ అనే పై స్థాయికి తెస్తే 10 శాతం అవుతుంది. నలుగురు ఒకే రెలిక్ రేడియంట్ చేసుకుని కలిసి తెరిస్తే, నలుగురికీ పడినవాటిలోంచి ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవచ్చు కాబట్టి మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువే అవుతుంది. రాత్రి షిఫ్టులో ఆఫీసు పని టికెట్లు రాని గంటల్లో (మేనేజర్ ఇది చదవడులే) ఇదే పని. వారానికి ఒక వందో నూట యాభయ్యో ప్లాటినం వచ్చేది. ఓరోకిన్ రియాక్టర్ అని ఫ్రేమ్‌లో మోడ్లు (బలం పెంచే కార్డులు) పెట్టుకునే సామర్థ్యాన్ని రెట్టింపు చేసేది ఒకటుంది, 20 ప్లాటినం, దాని బొమ్మ చూసి అందరూ బంగాళాదుంప అంటారు. కూరగాయల లెక్క రాసుకున్నట్టు ఒక నోట్‌బుక్‌లో ఈ వారం రెండు దుంపలు, ఒక స్లాట్ అని రాసుకునేవాణ్ణి.

ఇప్పుడు కొంచెం నిజాయితీగా. మొదట్లో ఈ గేమ్ గురించి ఫ్రెండ్స్‌కి చెప్పేటప్పుడు, చూడండ్రా ప్రీమియం వస్తువులు ఫ్రీగా పంచేస్తున్నారు, ఎంత గొప్ప కంపెనీయో అని ఊదరగొట్టేవాణ్ణి. అది సగమే నిజం. ఆ మొదటి 50, అప్పుడప్పుడూ ఇచ్చే కానుకలు పక్కన పెడితే, బజార్లో తిరిగే ప్రతి ప్లాటినాన్నీ ఎక్కడో ఎవరో సొంత డబ్బుతో కొన్నారు. 370 ప్లాటినం అసలు ధర దాదాపు 20 డాలర్లు. నాకు 40 ఇచ్చినవాడు కంపెనీ జేబులోంచి ఇవ్వలేదు, తన జేబులోంచి ఇచ్చాడు, లేదా వాడికి అమ్మినవాడి జేబులోంచి. కంపెనీకి రావాల్సిన డబ్బు ముందే వచ్చేసింది. నేను డబ్బు పెట్టనివాణ్ణే గానీ, డబ్బున్నవాడికి ఓపిక లేని పనిని నా టైమ్‌తో చేసిపెడుతున్నాను. ఒకసారి లెక్క వేశాను. 25 ప్లాటినం అంటే అప్పటి రేటు ప్రకారం వంద రూపాయలు, ఆ ముక్క పడటానికి సగటున రెండు గంటలు. గంటకి యాభై రూపాయల కూలి. ఆ లెక్క మా చెల్లికి చూపిస్తే అది నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

రూపాయి కూడా పెట్టలేదని కూడా అనేవాణ్ణి, అదీ అబద్ధమే. రోజూ లాగిన్ అయితే వచ్చే కానుకల్లో ఒకసారి 75 శాతం తగ్గింపు కూపన్ పడింది, అర్ధరాత్రి ఆ గడియారం తిరుగుతుంటే ఆగలేకపోయాను. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ కంటే తక్కువే అయింది. తప్పేం కాదు, కానీ ఆ కూపన్ కూడా ఒక రకం గాలమే అని చెప్పకపోతే బాగోదు.

ఇంకొకటి. వాల్ట్‌లోకి వెళ్లిపోయిన, అంటే ఇక రెలిక్‌లలో కొత్తగా పడటం ఆగిపోయిన, ఒక ప్రైమ్ సెట్‌ని ఇక దొరకదేమో అని తొందరపడి 120 ప్లాటినం పెట్టి కొన్నాను. 2021 చివర్లో ప్రైమ్ రిసర్జెన్స్ వచ్చి పాత ప్రైమ్‌లు వంతులవారీగా తిరిగి రావడం మొదలయ్యాక అదీ వచ్చింది, రేటు పడిపోయింది. కడుపు మండిందా అంటే మండింది. కానీ ఎవరి మీద? అప్పుడే గేమ్‌లోకి వచ్చిన కుర్రాడికి అది రాకూడదు, నేను కొన్న రేటు నిలబడాలి అనుకుంటున్నానన్నమాట. ఆ మొదటి రోజు బంగారు తాపడం ఫ్రేమ్‌వాడు ఇలా ఆలోచించి ఉంటే నా మూడో ఫ్రేమ్ ఇంకా ఫౌండ్రీలోనే ఉండేది. ఎప్పటికీ తిరిగిరానివి కూడా ఉన్నాయి, మొదట్లో ఫౌండర్లుగా డబ్బు కట్టినవాళ్లకి ఇచ్చిన ఎక్స్‌కాలిబర్ ప్రైమ్ లాంటివి. మాటిచ్చారు, నిలబెట్టుకుంటున్నారు, అది వేరే సంగతి.

కంపెనీ మీద నాకు కాస్త నమ్మకం కుదిరింది ఒక పాత కథ విన్నాక. కూబ్రో అని కుక్కలాంటి పెంపుడు జంతువు ఉంటుంది, దాని బొచ్చు రంగు లాటరీలా మార్చుకునే మీట ఒకటి పెట్టారట, ఒక్కసారి నొక్కితే డాలర్ కూడా కాదు. ఒకాయన అదే పనిగా రెండు వందల సార్లు నొక్కాడు. అది చూసి వీళ్లే భయపడి దాన్ని పీకేశారు. ఈ సంగతి ఒక డాక్యుమెంటరీలో వాళ్లే చెప్పుకున్నారు. సరే, మెచ్చుకోవాల్సిందే. కానీ రివెన్ మోడ్లు చూస్తే అదే జూదం వాసన ఇంకో తలుపులోంచి వచ్చినట్టుంటుంది. కూవా అనే గేమ్ సరుకు పోస్తూ ఆ మోడ్ లక్షణాలు మార్చుకుంటూ పోవాలి, ఏది పడుతుందో తెలీదు, మంచిది పడితే వేల ప్లాటినం పలుకుతుంది. నేను వాటి జోలికి పోను, పోయినవాళ్ల కళ్ల కింద నల్లచారలు చూశాను.

మీరు ఆడొచ్చా అంటే, నాకు అప్పుడు పెళ్లి కాలేదు, రాత్రి షిఫ్టు, ఇంట్లో వండి పెట్టే అమ్మ. ఆ మూడూ లేని మా బావ అదే గేమ్ నెల ఆడి, ఇది ఆటా, రెండో ఉద్యోగమా అని వదిలేశాడు. ఆయన తప్పేం లేదు. ఇప్పుడు నేను కూడా వారానికి ఒక రాత్రే, పిల్ల పడుకున్నాక. కొద్దిగా కూడా టైమ్ లేనివాళ్లకి ఈ ఫ్రీ గేమ్ చాలా ఖరీదు. టైమ్ ఉండి చేతిలో డబ్బు లేనివాళ్లకి, ముఖ్యంగా చదువుకునే కుర్రాళ్లకి, ఫోన్ గేముల్లో అమ్మ కార్డు గీకడం కంటే ఇది వందరెట్లు నయం అంటాను, పరీక్షలు లేని రోజుల్లో అయితేనే.

మొన్న శనివారం బజార్లో బూడిద రంగు ఫ్రేమ్‌తో ఒక కొత్త కుర్రాడు స్లాట్లు ఎలా వస్తాయని అడుగుతున్నాడు. నా దగ్గర అదనంగా ఉన్న సిస్టమ్స్ ముక్క ఒకటి ఇస్తాను, అమ్ముకుని స్లాట్ కొనుక్కో, బదులుగా నీ దగ్గరున్న ఏదో ఒక పనికిరాని మోడ్ పెట్టు చాలు అన్నాను. ట్రేడ్ కిటికీ తెరిచాను. ఫ్రీగా ఎందుకిస్తున్నావ్, స్కామా అని అడిగాడు. కాదయ్యా అని టైప్ చేసేలోపే కిటికీ మూసేసి పారిపోయాడు. ఆ ముక్క ఇంకా నా దగ్గరే ఉంది.