గాలిని వడకట్టే యంత్రమా, జ్వరాన్ని అనుమానించే డాక్టరా?

2001 అక్టోబరు 2 తెల్లవారుజామున ఫ్లోరిడాలో బాబ్ స్టీవెన్స్ అనే 63 ఏళ్ల ఫొటో ఎడిటర్‌ని జ్వరంతో, మాట తడబడుతుండగా ఆసుపత్రికి తెచ్చారు. వెన్నులోంచి నీరు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే పుల్లల్లాంటి బ్యాక్టీరియా గొలుసుకట్టుగా కనిపించింది. అంటువ్యాధుల డాక్టర్ లారీ బుష్‌కి ఆంత్రాక్స్ ఏమోనని అనుమానం వచ్చింది. మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మ రోగమే అది. ఊపిరితిత్తులకు సోకే రకం అమెరికాలో పాతికేళ్లుగా ఎవరికీ రాలేదు. అయినా ఆయన వదల్లేదు. నమూనా రాష్ట్ర ల్యాబుకు వెళ్లింది, రెండు రోజుల్లో ఖాయమైంది. 5న స్టీవెన్స్ చనిపోయారు. ఎవరో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపుతున్నారని తర్వాత తేలింది. మొత్తం 22 మందికి జబ్బు చేసింది, ఐదుగురు పోయారు.

జీవాయుధాలకు సిద్ధపడటం అంటే డబ్బు ఎక్కడ పెట్టాలి? ప్రత్యేక యంత్రాల మీదా, రోజూ జ్వరాలు చూసే వ్యవస్థ మీదా? చరిత్ర తిరగేస్తే నా మొగ్గు రెండోదాని వైపే. అలాగని మొదటిదాన్ని తీసిపారేయను.

యంత్రాల సంగతి చూద్దాం. ఆ దాడుల తర్వాత, 2003లో, అమెరికా బయోవాచ్ అనే పథకం మొదలుపెట్టి 30కి పైగా నగరాల్లో గాలి నమూనాలు పట్టే పెట్టెలు పెట్టింది. సూక్ష్మజీవి కనబడగానే ఆ పెట్టె గంట కొడుతుందని అనుకుంటాం. కొట్టదు. రోజూ ఒక మనిషి వెళ్లి ఫిల్టరు తీసి ల్యాబుకు మోసుకెళ్లాలి. ఫలితం వచ్చేసరికి 12 నుంచి 36 గంటలు. పైగా మట్టిలో మామూలుగా ఉండే దగ్గరి జాతి బ్యాక్టీరియాను చూసి కూడా ‘దొరికింది’ అంటుంది. అలా ఏళ్ల తరబడి వందకు పైగా సార్లు జరిగింది, ఒక్కటీ దాడి కాదు. అక్కడికక్కడే పరీక్ష చేసే కొత్త రకాన్ని తెద్దామనుకుని 2014లో మానుకున్నారు. ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. పెద్ద ఎత్తున గాలిలో వదిలితే, జబ్బు బయటపడకముందే మందులు మొదలుపెట్టడానికి ఒకటి రెండు రోజులు కలిసిరావచ్చు. ఆంత్రాక్స్‌లో ఆ తేడా ప్రాణం నిలుపుతుంది.

మరి మనుషుల మీద ఆధారపడితే? అందులోనూ లొసుగులున్నాయి. 1984లో అమెరికా ఒరెగాన్‌లోని ద డాల్స్ అనే చిన్న ఊళ్లో 751 మందికి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఆరోగ్య శాఖ వాళ్లు ఏ సూక్ష్మజీవో పట్టుకున్నారు, హోటళ్ల సలాడ్ల మీద అనుమానపడ్డారు, జబ్బు ఆగింది, ఎవరూ చనిపోలేదు. కానీ తప్పు వంటవాళ్ల చేతి శుభ్రత మీదకి నెట్టేశారు. స్థానిక ఎన్నికల్లో ఊరివాళ్లు ఓటుకు రాకుండా చేద్దామని రజనీష్ (ఓషో) అనుచరులే ఆ బ్యాక్టీరియా కలిపారని ఏడాది తర్వాత గానీ తెలియలేదు, అదీ రజనీష్ స్వయంగా తనవాళ్ల మీద ఆరోపణ చేశాక. అంటే మామూలు వ్యవస్థ జనాన్ని కాపాడింది, దొంగను పట్టుకోలేకపోయింది. నాకైతే ఆ బేరం ఫర్వాలేదనిపిస్తుంది.

1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్‌ద్లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బయటికి పొక్కింది. కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం వల్ల అని ప్రభుత్వం బొంకింది, ఆసుపత్రి కాగితాలు కేజీబీ పట్టుకుపోయింది. ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బర్గ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు మాత్రం శవపరీక్షల నమూనాలు దాచి ఉంచారు. 1992లో అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం వెళ్లి, చనిపోయినవాళ్లు ఏప్రిల్ 2 పగలు ఎక్కడున్నారో ఇంటింటా అడిగి మ్యాపు మీద గుర్తుపెట్టింది. దాదాపు అన్నీ ఆ కేంద్రం నుంచి గాలి వీచిన దిక్కున ఒక సన్నటి పట్టీలో పడ్డాయి. ఏ పరికరం చేసిన పనీ కాదిది.

మందుల నిల్వలు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. 2001లో మందులకు కొరత రాలేదు. వాషింగ్టన్‌లో సెనేటర్ ఆఫీసులో కవరు తెరిచినప్పుడు అక్కడివాళ్లకు వెంటనే యాంటీబయాటిక్స్ ఇచ్చారు. అదే కవరు వచ్చిన బ్రెంట్‌వుడ్ పోస్టల్ కేంద్రంలో మాత్రం రోజుల తరబడి ఇవ్వలేదు. అంటించిన కవరులోంచి పొడి కారదని అనుకున్నారు. అక్కడ ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. ఒకాయన ఎమర్జెన్సీకి వెళ్తే ఇంటికి పంపేశారు. 60 రోజులు మాత్రలు వాడమన్నవాళ్లలో సగానికి పైగా పూర్తిగా వాడనే లేదు. గోదాములో సరుకుంటే చాలదు, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చెప్పేవాడూ, ‘ఆపొద్దు’ అని వెంటపడేవాడూ ఉండాలి.

అమెరికా అలాంటివాళ్లను తయారుచేసే పని 1951లోనే మొదలుపెట్టింది. కొరియా యుద్ధంలో జీవాయుధాల భయం చూపించి అంటువ్యాధుల నిపుణుడు అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ డబ్బు రాబట్టి, జబ్బుల గుట్టు విప్పే డాక్టర్ల దళం పెట్టాడు. వాళ్లకు తగిలింది శత్రువు దాడి కాదు. 1955లో కట్టర్ కంపెనీ పోలియో టీకాలో బతికున్న వైరస్ ఉండిపోయి పిల్లలకు పక్షవాతం వస్తే, ఆ సంగతి తేల్చడంలో వాళ్ల చేయి ఉంది. భయం పేరుతో పెట్టిన ఖర్చు మామూలు రోజుల్లోనే తిరిగొచ్చింది. గోడకి బిగించిన పెట్టె అలా ఇంకో పనికి రాదు.

2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందిగా. వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. వైరసా, నీళ్లా, పాలా అని రకరకాల మాటలు. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగారు, నమూనాలు ఢిల్లీకీ హైదరాబాదుకీ పరుగెత్తాయి. రక్తంలో సీసం, నికెల్ జాడలున్నాయని ఎయిమ్స్ చెప్పింది, ఆ తర్వాత పురుగుమందుల మాటా వచ్చింది. గాలి పట్టే యంత్రం ఏలూరులో వీధికొకటి ఉన్నా, అది వెతికే సూక్ష్మజీవుల జాబితాలో ఇవేవీ ఉండవు.