దేశ పరిచయ ప్రాజెక్టుకు సాయపడే ఆన్‌లైన్ సేవ: మా అనుభవం

మా అమ్మాయి కజకిస్తాన్ మీద చేయవలసిన ప్రాజెక్టు కోసం నెల రోజులు ఈ సేవను వాడాము. జనాభా, విస్తీర్ణం వంటి అంకెలను ఊరికే అప్పగించకుండా, విస్తీర్ణంలో ప్రపంచంలో 9వ స్థానంలో ఉండి, కాస్పియన్ ఒడ్డున్నా మహాసముద్రతీరం లేని ఆ దేశం తన చమురును ఏ దారిన బయటికి పంపుతుందని ప్రశ్న వేసి, అట్లాసు ముందు కూర్చోబెట్టి జవాబు వెతికించిన తీరు నాకు బాగా నచ్చింది. స్లయిడుకు ఒకే విషయం ఉండాలని, తెర వైపు తిరిగి చదవకూడదని బోధకురాలు పట్టుబట్టడమూ మేలే చేసింది. అయితే వారిచ్చిన పటంలో రాజధాని పేరు ఇంకా నూర్‌సుల్తాన్ అనే ఉంది. 2019లో పెట్టిన ఆ పేరును 2022లోనే తీసివేసి మళ్లీ అస్తానా చేశారు. ఆ తప్పును పట్టుకున్నది మా అమ్మాయే కావడం వేరే సంగతి. ఫిర్యాదు చేసిన వారానికి గాని పటం మారలేదు.